విస్తరి పక్కన వరహాలు

ఆ రాజ్యపు విహార నౌకలో వడ్డించేవాళ్లకు జీతాల్లేవు. ప్రయాణికులు దిగేటప్పుడు ఇచ్చే ఇనామే వాళ్లకు కూడు. ఈసారి నూకయ్య వంతుకు సుంకాధికారి రుద్రభూపతి పడ్డాడు. ఆయన విస్తరి పక్కన వరహాలు పేర్చి, "ఇవన్నీ నీకే. తప్పు చేసినప్పుడల్లా ఒకటి తీసేస్తా," అన్నాడు.

ఓడ ఒకటే ఊగుడు. మెతుకులు జారాయని ఒక వరహా వెనక్కి పోయింది. నెయ్యి ఆలస్యమైందని ఇంకొకటి పోయింది. నూకయ్య కళ్లు వరహాల మీదే. చూపు అటు పోయినకొద్దీ వడ్డనలో తప్పులు పెరుగుతున్నాయి. ఆఖరి వరహా కూడా అధికారిగారి సంచిలోకి వెళ్లిపోయింది.

దాంతో నూకయ్యకు ప్రాణం తేలికపడింది. సెగలు కక్కుతున్న పులుసు గిన్నెను గుడ్డతో ఒంటిచేత్తో ఎత్తి, ఆయన పట్టుపంచె మీదుగా వంచుతూ, తీరిగ్గా కెరటాలు చూడసాగాడు.

"ఒరేయ్, జాగ్రత్త! ఒలికిపోతుంది!" అని అరిచాడు రుద్రభూపతి.

"ఒలికితే ఏం తీస్తారు బాబూ? ఇంకేం మిగల్లేదుగా," అన్నాడు నూకయ్య.

అంతలో ఓడ రుద్రభూపతి వైపు ఒరిగింది. ఆయన గబగబా సంచి మొత్తం విస్తరి పక్కన బోర్లించాడు.

నూకయ్య రెండో చెయ్యి కూడా గిన్నెకు ఆనించాడు. "అన్నంలో గుంట చేసుకోండి బాబూ, పులుసు పోస్తాను."