కొండరేవు ఏకాహం

అచ్యుతుడి గొంతు పోతోంది. పోయేది గొంతొక్కటే అయితే అంత బెంగ లేకపోను. ఆ గొంతు ఆగితే కొండరేవు ఏకాహం తెగిపోతుంది.

ఏకాహం సంగతి తెలిసిందే కదా. పొద్దు పొడుస్తూండగా దీపం వెలిగించి రామనామం ఎత్తుకుంటే, మళ్ళీ పొద్దు పొడిచేదాకా ఆ నామం ఆగకూడదు. దీపం చుట్టూ తిరుగుతూ ఒక జట్టు పాడుతూ ఉంటుంది. ఇంకో జట్టు ఇంత తిని, కాస్త నడుం వాల్చి, వచ్చి అందుకుంటుంది. ఆ నోటి నుంచి ఈ నోటికి నామం అందాలి. మధ్యలో ఊపిరి పట్టేంత సందు కూడా ఉండకూడదు.

వంశధార ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఏకాహం జరిగి చాలా ఏళ్ళయింది. వెనకటికొకసారి ముందు పాడేది పై వీధివాళ్ళా, మధ్య వీధివాళ్ళా అని తగువొచ్చింది. తగువులో నామం తెగింది. ఇక అంతే, చావుకి తప్ప ఒకరి వాకిట్లోకి ఒకరు వెళ్ళడం మానేశారు. ఈసారి కూడా తెగిందంటే, ఇంకెవరూ ఆ ఊళ్ళో దీపం వెలిగించే ధైర్యం చెయ్యరు.

ఊరవతల ఏటిగట్టు మీద పూర్ణబోధ స్వామివారి ఆశ్రమం. ఊరందరికీ ఆయన తాతస్వామి. ఆయన దగ్గరికి విజయనగరం నుంచి వచ్చిన శిష్యుడు అచ్యుతుడు. సంగీతం వచ్చు, సంస్కృతం వచ్చు, ఉపనిషత్తు చెబితే కళ్ళు మూసుకుని వినాలనిపించేది.

"స్వామీ, అందరిలో ఉన్నది ఒక్కటే అని మనం రోజూ చదువుతున్నాం. గట్టు దిగితే ఊరు రెండుగా ఉంది. ఈ ఏకాహం నేను నిలబెడతాను" అన్నాడు ఒకనాడు.

"నిలబెట్టు నాయనా" అన్నారు తాతస్వామి. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు.

అచ్యుతుడు ఇల్లిల్లూ తిరిగాడు. పై వీధిలో జగ్గునాయుడిని ఒప్పించాడు. మధ్య వీధివాళ్ళను బతిమాలాడు. రెండు జట్లు కట్టి, సాయంకాలాలు కూర్చోబెట్టి నామం నేర్పాడు. మొండి గొంతులను మెత్తబరిచాడు. ఎడమొహం పెడమొహంగా ఉన్న మనుషులు ఒక చాప మీద కూర్చుంటే చూసి మురిసిపోయాడు. మురిసిపోదగ్గ పనే మరి!

అప్పుడు వచ్చింది ఎర్నమ్మ, దిగువ వాడ నుంచి. వెనకాల నలుగురైదుగురు ఆడవాళ్ళు, మగవాళ్ళు. ఆశ్రమం మెట్ల దగ్గరే ఆగిపోయారు.

"సిన్నస్వామీ, మావూ ఓ జట్టు కడతాం బాబూ. ఎండేలప్పుడు ఎవులూ ఒప్పుకోరు గదా, ఆ వంతు మాకిచ్చేయండి" అంది.

అచ్యుతుడికి చిక్కొచ్చిపడింది. అంత చదువు చదివిన నోటికి, కాదు అనడం రాదు చూడండి. వీళ్ళు పందిట్లోకి వస్తే పై వీధి లేచిపోతుందేమో అని ఒక భయం. వీళ్ళకి శ్రుతి ఎక్కడ కుదురుతుంది అని ఇంకో ఆలోచన. రెండూ కలిసి నాలుక మీదికి శాస్త్రమై వచ్చాయి.

"అమ్మా, భక్తి తొమ్మిది రకాలు. మొదటిది వినడం. పాడడం రెండోది. వాళ్ళకి రెండోదే దొరికింది. మీకు మొదటిది. మీరు పందిరి బయట కూర్చుని వినండి. పుణ్యంలో ఏం తేడా లేదు."

ఎర్నమ్మ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది.

"మాకు మొదటిదే ఇచ్చీసేరా! ఇన్నావటే పిల్లా, ఎప్పుడూ ఆఖరిదే గదా మనకి" అంది పక్కనున్న కోడలితో. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎందుకో అచ్యుతుడికి అర్థం కాలేదు. అర్థం కాకుండా తనే చూసుకున్నాడేమో కూడా.

ఏకాహం నాటి తెల్లవారుజామున పందిరి రాటలకి కొబ్బరి తాడు చుట్టూ అచ్యుతుడే స్వయంగా కట్టాడు. ముడులు గట్టిగా బిగించి, ఊడిపోకుండా నీళ్ళు చిలకరించాడు.

ఉదయం ఎంతో బాగా సాగింది. తాతస్వామి దీపానికి ఒక వారగా చాప మీద కూర్చున్నారు. మధ్య వీధి జట్టు పాడి, భోజనాలకి వెళ్ళింది. పై వీధి జట్టు అందుకుంది. ముందు జగ్గునాయుడు, చేతిలో తాళాలు. మంచి మనిషే. గొంతు మాత్రం రాళ్ళ మీద తాటిమట్ట ఈడ్చినట్టుంటుంది. ఆ పూట ఉత్సాహం ఎక్కువై ఇంకా గట్టిగా ఈడ్చాడు.

అచ్యుతుడు చేత్తో సైగ చేశాడు. నాయుడు చూడలేదు. మళ్ళీ చేశాడు. చివరికి పక్కకి వెళ్ళి, జట్టు అందరికీ వినపడేలాగే అన్నాడు.

"నాయుడుగారూ, మీరు తాళం వెయ్యండి చాలు. పాట వాళ్ళకి వదిలెయ్యండి."

నాయుడు నడక ఆగింది. తాళాలు తీసి దీపం దగ్గర పెట్టాడు. దీపానికి దణ్ణం పెట్టాడు. కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పై వీధి మగాళ్ళందరూ ఒకరి వెనక ఒకరు ఆయన వెంటే పోయారు. నామం అచ్యుతుడి నోట్లోనూ, తోటి శిష్యుడు శేషయ్య నోట్లోనూ మిగిలింది.

అచ్యుతుడు పాడుతూనే, వెళ్ళి పిలుచుకు రమ్మని శేషయ్యకి సైగ చేశాడు. శేషయ్య పరుగెత్తి వెళ్ళి, పరుగెత్తి వచ్చాడు.

"నాయుడుగారు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. 'మీ చిన్నస్వామికి శ్రుతి కావాలిరా, మనిషి అక్కర్లేదు. ఆ శ్రుతినే పాడమను' అన్నారు" అని వగర్చాడు. "మధ్య వీధివాళ్ళని అడిగాను. 'పొద్దు వాలాక మా వంతు. వాళ్ళ వంతు మేం మొయ్యం' అంటున్నారు."

వగర్పులో శేషయ్యకి దగ్గు తెర పట్టుకుంది. నోరు తెరిస్తే దగ్గే తప్ప నామం రాలేదు. రాటని పట్టుకుని కూలబడ్డాడు.

ఇక మిగిలింది అచ్యుతుడు ఒక్కడు.

తిరుగుతున్నాడు. పాడుతున్నాడు. నడినెత్తిన ఎండ. తాడుకి అవతల ఇసకలో దిగువ వాడంతా కూర్చుని ఉంది. నెత్తిన తువ్వాళ్ళు, కొంగులు. కొందరు గడ్డి కోతకి వెళ్ళి అటునుంచి అటే వచ్చారు. చప్పుడు చెయ్యకుండా వింటున్నారు. వినమంటే అంత బుద్ధిగా వినేవాళ్ళను అచ్యుతుడు ఎక్కడా చూడలేదు. ఆ చూపులు వీపుకి తగులుతున్నట్టుండి, అటు తిరిగినప్పుడల్లా తల దించుకుంటున్నాడు.

గొంతు గీసుకుపోయింది. శ్రుతి ఎప్పుడో పోయింది. ఇప్పుడు తన పాట కూడా తాటిమట్ట చప్పుడే.

ఏదైనా చెయ్యండి స్వామీ అన్నట్టు తాతస్వామి వైపు చూశాడు.

తాతస్వామి చాప మీద నుంచి మెల్లగా లేచారు. అచ్యుతుడికి ప్రాణం లేచొచ్చింది. గురువుగారు పక్కన నిలబడి నామం అందుకుంటారనుకున్నాడు. ఆయన దీపం దాటిపోయారు. తాడు దగ్గరికి వెళ్ళి, ముసలి నడుం వంచి, దాని కిందనుంచి దూరి అవతలికి పోయారు. ఎండలో, ఇసకలో, ఎర్నమ్మ పక్కన కూర్చున్నారు.

"అయ్యో బాబూ, ఇసక కాలిపోతంది, లెగండి!" అంది ఎర్నమ్మ కంగారుగా.

"పొద్దుటి నుంచీ ఏం చేస్తున్నావమ్మా?"

"సిన్నస్వామి ఇనమన్నారు. ఇంటన్నాను."

"ఏం విన్నావు? నాకు చెప్పు."

ఎర్నమ్మ తాడు వంక చూసింది. తాతస్వామి వంక చూసింది. కోడలు మోచేత్తో పొడిచింది. "సెప్పత్తా! అడుగుతంటే సెప్పవేటి?"

ఎర్నమ్మ కళ్ళు మూసుకుని రామనామం ఎత్తుకుంది.

పాట అనడానికి లేదు. వరుస ఒకచోట పైకి పోయింది, ఇంకోచోట విరిగింది. కోడలు ఒక అడుగు వెనకగా అందుకుంది. వెనకనున్న ముసలాయన ఒక అడుగు ముందుకి పోయాడు. తర్వాత వాడ వాడంతా. చిడతలు లేవు, తొడల మీద చేతులు వేసుకున్నారు. తాతస్వామి కూడా వాళ్ళలాగే తొడ మీద చెయ్యి వేస్తూ, ఆ విరిగిన వరుసలోనే పాడారు.

సరిగ్గా అప్పుడే అచ్యుతుడి గొంతు ఆగిపోయింది. నోరు కదిలింది కానీ గాలి తప్ప ఏమీ రాలేదు. నడక కూడా ఆగింది.

పందిరిలో నిశ్శబ్దం. చల్లటి నీడ, పూల దండలు, ముగ్గు, వెలుగుతున్న దీపం, మంచి శ్రుతిలో పెట్టిన హార్మోనియం. అన్నీ ఉన్నాయి. నామం లేదు.

అచ్యుతుడు తాడు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వచ్చిన గుసగుసతోనే అడిగాడు.

"స్వామీ... తెగిపోయిందా?"

తాతస్వామి పాట ఆపి, తల ఎత్తారు. పక్కన ఎర్నమ్మ ఆపలేదు.

"దీపం దగ్గర తెగింది నాయనా. ఇక్కడ సాగుతోంది."

"వెలిగించిన దీపం కదపకూడదు కదా స్వామీ?"

"కదపకూడదు." ఆయన ఇసక మీద చెయ్యి ఆనించి కాస్త సర్దుకుని కూర్చున్నారు. "నామాన్ని ఆపనూ కూడదు. రెండింట్లో నువ్వు ఏ తప్పు చేస్తావో చూసుకో."

మళ్ళీ పాటలో కలిసిపోయారు.

అచ్యుతుడు నిలబడ్డాడు. ఉపనిషత్తులో ఏ వాక్యమూ సాయానికి రాలేదు. అప్పుడు వెనక్కి తిరిగి, దీపం కుందిని రెండు చేతులా ఎత్తాడు. బరువైన ఇత్తడి కుంది. నూనె తొణికి చేతుల మీద పడింది. ఒత్తి రెపరెపలాడుతుంటే గుండెకి దగ్గరగా పట్టుకుని తాడు దాకా వచ్చాడు.

వచ్చి ఆగిపోయాడు. దూకడానికి లేదు. వంగడానికి లేదు. రెండు చేతులూ ఖాళీ లేవు.

శేషయ్య వచ్చి ముడి మీద పడ్డాడు. వేళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. తడిసి ఆరిన కొబ్బరి ముడి ఇనుములా బిగిసి ఉంది. "ఎవరన్నయ్యా కట్టిందిది, ఇంత గట్టిగా!" అని విసుక్కుని, అచ్యుతుడి మొహం చూసి నోరు మూసుకున్నాడు.

గడ్డికోత నుంచి వచ్చిన ఒకతను లేచాడు. పేరు సింహాలు. నడుముకి కొడవలి.

"కోసీమంటారా బాబూ?"

అచ్యుతుడు తల ఊపాడు. ఊపిన తర్వాత, అది చాలదనిపించిందేమో, ఉన్న గొంతంతా కూడదీసుకుని అన్నాడు.

"కొయ్యి అన్నా. చుట్టూ ఉన్నదంతా కొయ్యి."

తాడు తెగి ఇసకలో పడింది. అచ్యుతుడు దీపాన్ని వాళ్ళ మధ్యలో పెట్టాడు. కూర్చున్నవాళ్ళు లేచారు. దీపం చుట్టూ నడక మొదలైంది.

అప్పుడు వచ్చాడు జగ్గునాయుడు. ఊళ్ళోకి వినపడుతున్న నామం వేరేగా ఉందని అరుగు దిగి వచ్చాడు. నోట్లో చుట్ట. వెనకాల పై వీధి. ఆయన దీపం చూశాడు, తెగిన తాడు చూశాడు, దిగువ వాడను చూశాడు, వాళ్ళతో తిరుగుతున్న తాతస్వామిని చూశాడు. అచ్యుతుడు, ఏ క్షణానికి ఆ క్షణం ఆయన ఏదో అరుస్తాడనుకున్నాడు.

నాయుడు చాలాసేపు చెవి పెట్టి విన్నాడు.

"ఈ గొంతులేట్రా, నాకన్నా అన్నేయంగా ఉన్నాయి!" అన్నాడు చివరికి. "ఇవి రాముడికి పనికొస్తే నాదెందుకు పనికిరాదయ్యా చిన్నస్వామీ?"

అచ్యుతుడు రెండు చేతులూ జోడించాడు. "తప్పు నాది నాయుడుగారూ" అన్నాడు. గొంతు లేక, పెదవులు కదలడమే కనిపించింది. అయినా నాయుడికి అందింది. చుట్ట పారేసి, ఇసకతో చేతులు తోముకుని, పందిట్లో పడున్న తాళాలు తెచ్చుకున్నాడు. పై వీధిలో కొందరు వెనుదిరిగి వెళ్ళిపోయారు. కొందరు నాయుడి వెనకే నడకలో కలిశారు.

ఎర్నమ్మ ఒక పక్కకి ఒదగబోయింది.

"ఎక్కడికే, వరస ఎత్తింది నువ్వు. నువ్వాపేస్తే నాకు రాదు" అన్నాడు నాయుడు.

"నువ్వు మెల్లగా అరవు బాబూ, నా సెవులు పోతాయి" అంది ఎర్నమ్మ. నామం మధ్యలోనే నవ్వులు లేచాయి. నవ్వులతోనే నామం ముందుకి పోయింది.

మధ్యాహ్నం తిరిగేసరికి సముద్రం వైపు నుంచి గాలి లేచింది. ఏటి ఇసక మీద ఆ గాలికి అడ్డేముంది! దీపం ఒక పక్కకి వాలిపోయింది. వాలి, లేచి, మళ్ళీ వాలింది.

అచ్యుతుడు పందిట్లోకి పరుగెత్తి, ఒక తాటాకు తడిక ఎత్తుకొచ్చాడు.

"ఎటువైపు అడ్డం పెట్టమంటారు స్వామీ?"

తాతస్వామి నడక ఆపలేదు. "గోడలు నడుస్తున్నాయి కదా నాయనా" అన్నారు.

అచ్యుతుడు దీపం వంక చూశాడు. మనుషులు ఒకరినొకరు తగులుతూ తిరుగుతున్నారు. వాళ్ళ అడ్డు ఉన్నంతసేపూ ఒత్తి నిటారుగా నిలబడుతోంది. ఒక్కచోట వరసలో ఎడం ఉంది. నాయుడికీ ఎర్నమ్మకీ మధ్య, సరిగ్గా ఒక మనిషి పట్టేంత. ఆ ఎడం గాలివైపుకి వచ్చినప్పుడల్లా దీపం వాలిపోతోంది.

అతను తడిక ఇసకలో పడేశాడు. వెళ్ళి ఆ ఎడంలో నిలబడి, వాళ్ళతో అడుగు కలిపాడు.