కంటి చుట్టూ మసి

చక్రధర్‌కి ఎనిమిది అంగుళాల చోటు కావాలి. ఎంత వెతికినా దొరకడం లేదు.

అతను బాగుచేస్తున్నది నలభై ఏళ్ళనాటి విమాన విధ్వంసక తుపాకి. ట్యాంకులా గొలుసు పట్టాల మీద నడిచే బండి, దాని నెత్తిన నాలుగు గొట్టాలు. పాత రాడార్ పీకేసి, వేడిని పసిగట్టే కెమెరా పెట్టాడు, కంప్యూటర్ పెట్టాడు. చెట్ల ఎత్తున నక్కి వచ్చే డ్రోన్‌ని అది తనే పసిగట్టి, తనే గురిపెట్టి, తెర మీద ఎర్ర గడి చూపిస్తుంది. మనిషి మీట నొక్కడమే తరువాయి. మొత్తం నాలుగు సెకన్ల పని. తీరా చూస్తే, ఆ కంప్యూటర్‌ని చల్లబరిచే పెట్టె బండి లోపల పట్టడం లేదు.

సరిహద్దులో ఒక శిబిరం మీద నెలరోజులుగా అలాంటి డ్రోన్లు వచ్చి పడుతున్నాయి. ఈ తుపాకి వెళ్ళాల్సింది అక్కడికే. చక్రధర్ సంతకం పెట్టిన రోజే బయల్దేరుతుంది. కాబట్టి అతని తొందరలో తప్పేమీ లేదు.

చివరికి చోటు దొరికింది. గన్నర్ కంటి ముందుండే పాత దుర్భిణి తీసేస్తే సరిగ్గా ఎనిమిది అంగుళాలు.

"ఇక దీనితో పనేముంది గురువుగారూ? కెమెరా మనకంటే బాగా చూస్తుంది," అన్నాడు.

గురువుగారంటే గవరయ్య. ఈ తుపాకి మీదే పనిచేసి సుబేదారుగా రిటైరై, శ్రీకాకుళం దగ్గర జీడితోట చూసుకుంటున్న మనిషిని వర్క్‌షాపువాళ్ళు వెతికి మరీ పిలిపించారు. ఈ తుపాకి కిటుకులు కాగితాల్లో కొన్నే ఉన్నాయి, మిగతావి ఆయన చేతుల్లో ఉన్నాయి. నాలుగు నెలలుగా ఆ చేతుల వెంటే తిరిగి చక్రధర్ పని నేర్చుకున్నాడు.

 విప్పిన దుర్భిణిని గవరయ్య తువ్వాలులో చుట్టి తన సంచిలో పెట్టుకున్నాడు.

ఆయనకో చాదస్తం ఉండేది. దుర్భిణికి కన్ను ఆనించే చోట రబ్బరు చుట్టు ఉంటుంది. రోజూ పొద్దున్నే స్టవ్ మసిలో కాస్త గ్రీజు కలిపి దానికి పూసేవాడు. కాల్పులయ్యాక గన్నర్ ముఖం చూసేవాడు. కంటి చుట్టూ నల్లటి సున్నా ఉంటే తన చేత్తో టీ పోసిచ్చేవాడు. లేకపోతే ఆ పూటకి ఆ మనిషికి టీ లేదు. తూటాల్లేని ఉత్తుత్తి కాల్పులప్పుడు కూడా ఇదే తంతు. "దిష్టిచుక్క బుగ్గన పెడతారు గానీ కంటికా?" అని చక్రధర్ ఆటపట్టించేవాడు. అన్నిటికీ నవ్వే మనిషి, దీనికి మాత్రం నవ్వేవాడు కాదు.

సముద్రపు ఒడ్డున పరీక్ష పెట్టారు. గన్నర్ సీట్లో చక్రధరే కూర్చున్నాడు. నీళ్ళను రాసుకుంటూ మూడు డ్రోన్లు పంపారు. ఎర్ర గడి వెలగడం, చక్రధర్ మీట నొక్కడం, అది ముక్కలై పడడం. మూడూ పడ్డాయి. నాలుగోదీ పడింది.

నాలుగోది ఎవరూ పంపలేదు. పరీక్షని వీడియో తీయడానికి మనవాళ్ళే పైకి లేపిన డ్రోన్ అది. బ్యాటరీ అయిపోవస్తుంటే కిందికి దిగుతోంది. పొట్టంతా పసుపు రంగు, దాని మీద పెద్ద పెద్ద తెల్ల అక్షరాలు. కన్ను పెట్టి చూసినవాడెవడైనా పోల్చుకునేవాడు.

అధికారులు పగలబడి నవ్వారు. "పోతే పోయిందిలే, దీని గురి చూశారా!" అన్నారొకరు. చక్రధర్ కూడా నవ్వాడు.

గవరయ్య కెటిల్ పట్టుకుని వరసగా టీ పోసుకుంటూ వచ్చాడు. డ్రైవర్‌కి పోశాడు, తూటాలు ఎక్కించేవాళ్ళకి పోశాడు. చక్రధర్ దగ్గర ఆగి ముఖంలోకి చూశాడు. చెమట తప్ప ఏమీ లేని శుభ్రమైన ముఖం. అతని గ్లాసు బోర్లించి, ముందుకి వెళ్ళిపోయాడు.

అంతమందిలో చక్రధర్‌కి తల కొట్టేసినట్టయింది. అందరూ వెళ్ళాక ఆయన దగ్గరికి వచ్చాడు.

"మూడు డ్రోన్లు పడగొడితే గుక్కెడు టీ కూడా ఇవ్వరా గురువుగారూ?"

"నాలుగు బాబూ."

"అది వీడియో తీసేది. అందులో మనుషులు లేరు కదా!"

"ఈసారి నేరు."

 చక్రధర్, "మీ కంటికి మసి అంటని రోజు ఏదైనా ఉందా?" అని అడిగాడు.

"ఒకటుంది. అప్పటికింకా మసి రాయడం మొదలెట్టనేదు."

"ఆ రోజు ఏం పడింది?"

"హెలికాప్టరు. మనదే. నలుగురు."

గవరయ్య సంచిలోంచి తువ్వాలు మూట తీసి చక్రధర్ ఒళ్ళో పెట్టాడు. చక్రధర్ దాన్ని విప్పకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది మళ్ళీ బిగించి, కన్ను పెట్టి చూసి నొక్కాలంటే నాలుగు సెకన్లు కాస్తా ఎనిమిదవుతాయి. ఆ తేడాలో అక్కడ మనవాళ్ళు పోతే?"

"పోవచ్చు బాబూ. నాకు తెల్దు," అన్నాడు గవరయ్య. ఆ గొంతులో ఓదార్పు లేదు.

చక్రధర్ సంతకం పెట్టలేదు. మూడు రోజులు గడువడిగి, పైవాళ్ళ చేత నానా తిట్లూ తిన్నాడు. చల్లబరిచే పెట్టెని బండి వెనక బయటికి మార్చి, పైన ఇనప రేకు వెల్డింగ్ చేయించాడు. దుర్భిణిని పాతచోటే బిగించాడు. రబ్బరు చుట్టుకి మసి తనే రాశాడు.

మూడో రోజు మధ్యాహ్నం, ఆఖరి పరీక్ష ముగుస్తుండగా కబురొచ్చింది. పొద్దున శిబిరం వంటపాక మీద డ్రోన్ పడింది. ఇద్దరు పోయారు. తుపాకి అనుకున్న రోజే బయల్దేరి ఉంటే నిన్నటికే అక్కడ ఉండేది. ఆ మాట చక్రధర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

అతను బండి దిగి, గొలుసు పట్టా మీద కూలబడ్డాడు. కుడికంటి చుట్టూ నల్లటి సున్నా ఉంది. అది కన్నీళ్ళలో కలిసి చెంప మీదికి జారుతోంది.

"నేనే ఆపాను గురువుగారూ," అన్నాడు.

గవరయ్య కాదనలేదు. పక్కనే కూర్చుని, బోర్లించి ఉన్న గ్లాసు తిప్పి టీ పోశాడు.

"తాగు బాబూ," అన్నాడు.