దొర తిన్న దద్దోజనం

పెరుమాళ్ళాచార్యుల వారు ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే మనిషి కారు. "ఉండనీ" అనేవారు. ఆ మాట విని విని ఉండలేక వెళ్లిపోయిన శిష్యులూ ఉన్నారు. ముప్ఫై రెండేళ్ల యతిరాజు మాత్రం ఓపికగా ఆయన ఇంట్లోనే ఉంటూ, పాఠం చెప్పించుకుంటూ, వంటింటి పనిలో చేదోడుగా ఉండేవాడు. ఒక బుధవారం పాఠం ముగిశాక అతను అడిగాడు: "స్వామీ, తప్పు చేసినవాడు తనంతట తానే తెలుసుకుని మానేస్తే చాలదా? మళ్ళీ ఒకరి దగ్గర చెప్పుకోవాలా?"

"ఉండనీ" అన్నారు ఆచార్యులు.

యతిరాజు చేసిన తప్పు చూడబోతే పిడికెడు దద్దోజనం. ఆ ఇంట్లో దొర అనే గండుపిల్లి ఉండేది. దానికి షుగరు జబ్బు. ఉదయం ఏడింటికి, సాయంత్రం ఏడింటికి తూచిన తిండి పెట్టి, అది తిన్నాక మెడ వెనక చర్మం పైకెత్తి పట్టుకుని ఆచార్యులే ఇన్సులిన్ పొడిచేవారు. అన్నం, పాలు, పెరుగు ముట్టనివ్వద్దనీ, పిల్లులకని అమ్మే మాంసం డబ్బాయే పెట్టాలనీ పశువుల డాక్టరు షహనాజ్ గట్టిగా చెప్పింది. ఉల్లిపాయ కూడా గడప దాటని ఇంటికి ఆ డబ్బా వచ్చిందంటే, ఆచార్యులకు దొర మీద ఎంత ప్రాణమో వేరే చెప్పాలా? పెరట్లో దాని గిన్నె, చెంచా విడిగా ఉంచి, పెట్టిన ప్రతిసారీ స్నానం చేసి లోపలికి వచ్చేవారు.

ఆ జబ్బులో ఎంత తిన్నా ఆకలే. కాళ్లకు చుట్టుకుని అరుస్తుంటే యతిరాజు ప్రాణం ఉసూరుమనేది. మధ్యాహ్నం ఆరగింపు అయ్యాక, గిన్నెలు కడిగే వంకతో ఓ ముద్ద దద్దోజనం దాని ముందు పెట్టేవాడు. రెండు నెలలు గుట్టుగా సాగింది. ఆ బుధవారానికి రెండు రోజుల ముందు, సోమవారం, డాక్టరమ్మ వచ్చి, షుగరు ఎంతకీ దిగడం లేదని మందు రెండు యూనిట్ల నుంచి మూడుకు పెంచింది. ఆ మాట చెవిన పడి యతిరాజు సిగ్గుతో చితికిపోయాడు. ఆ పూట నుంచే ముద్ద మానేశాడు. మానేశాక ఇంకా చెప్పి ముసలాయన మనసు కష్టపెట్టడం ఎందుకని నోరు మెదపలేదు.

శుక్రవారం పదకొండింటికి పాఠం నడుస్తుండగా దొర తూలుకుంటూ వచ్చింది. వెనక కాళ్లు నిలవక గోడకు గుద్దుకుని ఒరిగిపోయింది. ఆచార్యులు దాని చెవి అంచున పొడిచి, నెత్తురుచుక్క షుగరు మిషన్‌లో పెట్టి చూశారు. షుగరు ముప్ఫై ఎనిమిదికి పడిపోయింది. తేనె తీసి దాని చిగుళ్లకు రాస్తూ, ఫోను యతిరాజు చేత పట్టించి డాక్టరమ్మతో మాట్లాడారు.

"తిండిలో ఏమైనా మారిందా, ఆచార్యులు గారూ?"

"ఏమీ లేదమ్మా. అదే డబ్బా, అదే తూకం. పొద్దున శుభ్రంగా తిన్నది కూడా."

"అయితే ఇంకేదో జబ్బు తోడై ఉంటుంది. దాన్ని వెతకాలి."

 చెబితే ఈ ఇంట్లో తనకు చోటుంటుందో లేదోనని యతిరాజు భయపడ్డాడు. ఆచార్యుల వేళ్ల కింద పిల్లి దవడ వణుకుతోంది.

"మారిందమ్మా" అన్నాడు. "రెండు నెలలుగా రోజూ దద్దోజనం పెట్టాను. సోమవారం మానేశాను."

 "అంటే తెలియక ఆ అన్నానికి సరిపడా మందు పెంచానన్నమాట" అంది షహనాజ్. "తేనె రాస్తూ ఉన్నపళంగా తీసుకురండి. నేను చెప్పేదాకా సూది ముట్టుకోవద్దు."

సాయంత్రానికి ఆస్పత్రిలో దొర తేరుకుని డాక్టరమ్మ చెయ్యి గీరింది. అది చూసి యతిరాజు అందరి ముందూ ఏడ్చేశాడు. తిరుగు ప్రయాణంలో, ఆటోలో దొర ఉన్న బుట్ట ఒళ్లో పెట్టుకుని, "మానేశాను కదా అనుకున్నాను స్వామీ" అన్నాడు.

ఆచార్యులు బుట్ట మూత సర్దారు.

"నువ్వు పెట్టడం మానేశావు నాయనా. నేను మాత్రం ఆ ముద్దకు విరుగుడు పొడుస్తూనే ఉన్నాను."