మంగతాయారు, మడుగులో బాతులు

అనగనగా కొల్లేటి పక్కన ఒక ఊళ్ళో మంగతాయారని ఒకావిడ ఉండేదమ్మా. పెళ్ళిళ్ళకీ బారసాలలకీ ఫొటోలు తీసేది. వాళ్ళాయన నరసింగు దోనె మీద తిరిగి చేపలు పట్టేవాడు.

ఆ ఊరి చివర ఒక మడుగు. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి అడవి బాతులూ వచ్చి అందులోనే వాలేవి. ఒక ఏడాది ఆ మడుగు తీసేసి రొయ్యల చెరువు తవ్వుకుంటానని ఒక ఆసామి అర్జీ పెట్టాడు. బాతుల గతేమిటని ఊరివాళ్ళు అడిగారు. "అక్కడ బాతులే లేవు" అన్నాడాయన.

అప్పుడు తాయారు గట్టు మీంచి ఒక ఫొటో తీసి, ఆ అర్జీ చూస్తున్న ఆఫీసరుగారికి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. "నల్ల చుక్కలు కనిపిస్తున్నాయమ్మా. బాతులో, బురద ముద్దలో నాకేం తెలుస్తుంది? మూడు రోజుల్లో దగ్గరగా తీసి, నాలుగో రోజు పట్రా" అన్నాడు.

మొదటి రోజు తాయారు నరసింగు దోనెక్కింది. ఎర్ర జరీ చీర కట్టుకుంది. ఫొటోలకి వెళ్తే అదే కట్టుకోవడం అలవాటు మరి. ఆ ఎరుపు చూడగానే బాతులన్నీ బుర్రున లేచిపోయాయి. ఫొటోలో నరసింగు ఒక్కడే పడ్డాడు, అదీ నోరు తెరుచుకుని.

ఆ తర్వాత రెండో రోజు ఒళ్ళంతా పచ్చగడ్డి కట్టుకుని గట్టు మీద బోర్లా పడుకుంది. బాతులు మెల్లగా దగ్గరికొస్తున్నాయి. ఇంతలో ఎవరిదో గేదె వచ్చి, కాళ్ళ దగ్గర్నుంచి మేయడం మొదలుపెట్టింది. తాయారు కాసేపు ఓర్చుకుంది. నడుం దాకా వచ్చేసరికి చక్కిలిగింతలు ఆగలేదు. ఆవిడ నవ్వుకి గేదె బెదిరింది, గేదెకి బాతులు బెదిరాయి.

ఆ సాయంత్రం తాయారు అన్నం ముట్టలేదు. "రేపొక్కరోజే ఉందండీ. ఆ బాతుల్ని చూడని చలికాలం నాకు ఊహ తెలిశాక లేదు" అంది. నరసింగు లేచి వెళ్ళాడు. పెరట్లోంచి పెద్ద బాన ఒకటి తెచ్చి, దానికి రెండు కంతలు పెట్టాడు. ఒకటి కెమెరాకి, ఒకటి ఊపిరికి.

మూడో రోజు తెల్లారగానే తాయారు మెడలోతు నీళ్ళలోకి దిగి, బాన నెత్తిన బోర్లించుకుని నిలబడింది. బాతులు అది ఉత్త కుండే అనుకున్నాయి. ఒకటొచ్చింది, రెండొచ్చాయి, చుట్టూ చేరాయి. అప్పుడు ఒక మగబాతు కెమెరా అద్దంలో తన మొహం చూసుకుంది. ఎవడో కొత్తవాడు వచ్చాడనుకుని టకటకా పొడిచింది. పొడిచినప్పుడల్లా తాయారు నొక్కింది. ఈలోగా ఇంకో బాతు బాన మీదెక్కి, ముక్కు రెక్కలో దూర్చి నిద్రపోయింది.

దాన్ని లేపడానికి తాయారుకి మనసొప్పలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. మధ్యాహ్నం నరసింగు క్యారేజీ తెచ్చి, "తాయారూ, అన్నం" అని గుసగుసగా పిలిచాడు.

"ఇది లేచాక తింటానండీ" అని బానలోంచి గొంతు వినపడింది. నరసింగు క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. తనూ తినలేదు.

మర్నాడు ఆఫీసరుగారి ముందు ఫొటో పెట్టింది. కాగితం నిండా ఒకే ఒక్క గుండ్రటి కన్ను, కిందంతా ముక్కు. ఆయన ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఇదేమిటండీ?" అని అక్కడే ఉన్న ఆసామిని అడిగాడు.

ఆసామి అటు చూశాడు, ఇటు చూశాడు. "బాతేనండీ" అన్నాడు.

మడుగు మడుగులాగే ఉండిపోయింది. తాయారు మాత్రం ఎనిమిది రోజులు తుమ్ముతూనే ఉంది, నరసింగు మిరియాల పాలు కాస్తూనే ఉన్నాడు.

బాతులు గూటికి, దోనె రేవుకి,
కథ కంచికి, కునుకు కంటికి.