దానమ్మ గేదె

నాలుగు నెలలు కష్టపడి చేసిన గేదెని చూసి మా గురువుగారు ఒక్క మాటన్నా అనలేదు. అదీ నా బాధ.

బాగుందనలేదు, బాగాలేదనలేదు. పొద్దున్నే షెడ్డులోకి వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, గోడవార స్టూలు మీద కూర్చుని చుట్ట వెలిగించుకునేవారు. తిట్టినా పడేవాణ్ణి. ఆ మౌనం మాత్రం నన్ను కాల్చుకు తినేసింది.

ఆయన పేరు లింగాచారి గారు. తెనాలి అవతల కాలవ గట్టు మీద మా షెడ్డు. కంచు విగ్రహానికి ముందు మట్టితో నిలువెత్తు బొమ్మ చెయ్యడం మా పని. ఆ మట్టి బొమ్మ మీద అచ్చువాళ్ళు ప్లాస్టరు పోసి అచ్చు తీస్తారు. అచ్చులోంచి మైనం బొమ్మ, ఆ మైనం కరిగిపోయిన చోట కంచు. అచ్చు ఊడదీసేసరికి మట్టి బొమ్మ చెదిరిపోతుంది. ఆ తర్వాత ఎంత ఏడ్చినా దిద్దుకునేది ఏమీ ఉండదు.

అచ్చువాళ్ళు గురువారం వస్తామన్నారు. నేను చెబుతున్నది సోమవారం సంగతి.

అప్పటికి ఆయన దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. మొదట్నుంచి చివరిదాకా నా చేతికే వదిలేసిన మొదటి బొమ్మ ఇది. "దీని కింద నీ పేరే ఉంటుందిరా నాంచారయ్యా," అన్నారు. ఆ మాట విన్న రోజు సంతోషంతో అన్నం కూడా సహించలేదు నాకు.

పని అప్పజెప్పింది ఒక పల్లెటూరి పాల సంఘం ఆడవాళ్ళు. సంఘం పెట్టిన రోజున మొట్టమొదట పోసినవి దానమ్మ అనే ఆవిడ గేదె పాలు. ఆ గేదె చచ్చిపోయి ఆరేళ్ళయింది. సంఘం ఆఫీసు ముందు దాని విగ్రహం నిలబెట్టుకోవాలని వాళ్ళ ముచ్చట. కంచు కోసం ఇంటికో పాత చెంబో, గిన్నో ఇచ్చారు. అవన్నీ గోనెసంచుల్లో కట్టి మా షెడ్డులోనే పెట్టారు.

"దాని ఫొటో ఏమన్నా ఉందా అమ్మా?" అని అడిగితే దానమ్మ పకపకా నవ్వింది.

"గేదెకి ఫొటో ఎవరు తీస్తారు బాబూ!"

సరే, నేనే చూసుకుంటానులే అన్నాను. టేపు పట్టుకుని సంతలో గేదెల్ని కొలిచాను. జంతువుల కండరాల మీద ఒక పుస్తకం తెప్పించుకున్నాను. ఇనప గొట్టాలతో చట్రం వెల్డింగు చేయించి, దాని మీద టన్ను మట్టి ఎక్కించాను. మెడ పైకెత్తించాను. చెవులు నిక్కించాను. ఒక వెనక కాలు ఠీవిగా ముందుకు వేయించి, తొడల్లో కండలు తేలేట్టు చేశాను. అన్ని గేదెల్లాగే సొంగ కారుస్తూ నిలబడితే ఇంక కింద నా పేరెందుకు? చూసినవాడు అబ్బా అనాలి. అనేవాళ్ళు కూడాను. దారినపోయే లారీ డ్రైవర్లు బండి ఆపి మరీ చూసిపోయేవాళ్ళు.

ఆయన తప్ప.

సోమవారం ఇక ఉండబట్టలేక అడిగేశాను. "గురువుగారూ, లోపమేమన్నా ఉంటే చెప్పండి. ఇంకా మూడ్రోజులుంది."

ఆయన చుట్ట బూడిద దులిపారు. "నాకేం తెలుసురా? నేనెప్పుడన్నా గేదెని పెంచానా?" అని లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున ఆటోలో దానమ్మని వెంటబెట్టుకొచ్చారు. ఆయన చేతిలో ఒక పాల బకెట్టు కూడా ఉంది. అదెందుకో నాకు అంతుపట్టలేదు.

దానమ్మకి అరవై దాటి ఉంటాయి. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది. బొమ్మని చూసి "అబ్బో!" అంది. చుట్టూ తిరిగింది.

"శానా బాగుంది బాబూ. రాజుల గేదెలాగుంది," అంది మర్యాదగా.

రాజులకి గేదెలెక్కడివి! నా మొహం మాడిపోయింది.

గురువుగారు బకెట్టు ఆమె చేతికిచ్చారు. "అమ్మా, ఒకసారి పాలు తియ్యడానికి కూర్చో."

ఆమె నవ్వలేదు. మట్టి బొమ్మకి పాలేమిటని అడగనూ లేదు. కుచ్చెళ్ళు ఎగదోపుకుని, గేదెకి ఎడమ పక్కన గొంతుక్కూర్చుని, బకెట్టు మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. పొదుగు దగ్గరికి చెయ్యి పోనిస్తే పోలేదు. నేను ఠీవిగా ముందుకు వేయించిన కాలు అడ్డమొచ్చింది. జరుగు అన్నట్టు ఆ కాలి మీద చిన్నగా తట్టింది. తట్టాక గుర్తొచ్చినట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకుని, తలెత్తి దాని మొహంలోకి చూసింది.

"ఇది చేపదయ్యా," అంది.

గేదె మనసొప్పి పాలు పొదుగులోకి వదలడాన్ని చేపడం అంటారు. వదలకపోతే ఎంత పిండినా చుక్క రాదు.

"ఎందుకు చేపదమ్మా?" అని అడిగారు గురువుగారు.

"కుక్కని చూసినట్టు నించుంటే ఎట్టా చేపుద్ది? ఆ చెవులు చూడండి. ఒళ్ళంతా బిగబట్టేసింది. నేనైతే దీని కింద కూర్చోనే కూర్చోను, తంతది." అంతలో నా మొహం చూసి నొచ్చుకుంది. "బొమ్మ మటుకు బాగుంది బాబూ, ఏమనుకోమాక."

ఆమెని ఆటో ఎక్కించాక నాకు ఆగలేదు. "అది బొమ్మ గురువుగారూ! పాలెందుకిస్తుంది? ఇప్పుడు మెడ దించాలంటే లోపల గొట్టం కొయ్యాలి. కాలు జరపాలంటే వెనక సగం ఊడదియ్యాలి. నాలుగు నెలల చాకిరీ!"

ఆయన నాతో వాదించలేదు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. డెబ్బై మూడేళ్ళ మనిషి, నిచ్చెనెక్కి, గేదె మెడ దగ్గర మట్టిని రెండు చేతుల్తో తియ్యడం మొదలుపెట్టారు. తీసిన ప్రతి ముద్దనీ జాగ్రత్తగా తొట్టిలో వేస్తున్నారు. ఇనుము బయటపడ్డాక హాక్సా అందుకున్నారు. నాలుగుసార్లు లాగారో లేదో ఆయాసం వచ్చేసింది.

నేనేం చూస్తూ నిలబడను? ఆయన్ని దించి, రంపం లాక్కుని నేనే ఎక్కాను. ఏడుస్తూనే కోశాను.

కింద ఆయన అచ్చువాళ్ళకి ఫోను చేసి నెల తర్వాత రమ్మంటున్నారు. "నా వల్లే ఆలస్యమైందయ్యా, ఏమనుకోకండి," అన్నారు. నా పేరు ఎత్తలేదు. ఆ ఒక్క మాటకి ఆయనకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తీరదు నాకు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే సైకిలేసుకుని దానమ్మ పాకకి వెళ్ళాను. మొదటి రోజు నేను చేతిలో టేపుతో నిలబడితే, అది అవతల పెట్టి కూర్చోమంది.

"మెడ చూడమాక బాబూ. పొట్ట చూడు. పొట్ట వదిలేసిందంటే ఇంక అన్నీ వదిలేస్తది."

ఇప్పుడు ఆమెకి వేరే గేదె ఉంది. దాని దూడ నాలుగు గుక్కలు తాగాక, దూడని లాగి కట్టేసేది. అప్పుడు గేదెని చూశాను. తల కిందికి దిగుతుంది. కళ్ళు సగం మూతపడతాయి. చెవులు పక్కకి వాలతాయి. వెనక కాలు తనంతట తనే జానెడు వెనక్కి జరిగి మనిషికి చోటిస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లోనూ గేదె ఉండేది. దాని పాలు తాగి పెరిగినవాణ్ణే నేను. ఒక్క రోజన్నా దాన్ని ఇలా చూసిన పాపాన పోలేదు. నిజంగా సిగ్గేసింది.

ఒక రోజు పాలు తీస్తూనే చెప్పింది దానమ్మ. "మా ఆయన పోయినప్పుడు ముగ్గురు పిల్లలు, ఒక గేదె మిగిలారు నాకు. మా నలుగుర్నీ అదే సాకింది. నేను ఏడ్చుకుంటా కూర్చున్నా చేపింది బాబూ. ఒక్క పూట లేదనలేదు. దానికి నేనేం చేశాను? ఇంత గడ్డేశాను, అంతేగా."

షెడ్డుకొచ్చి, తొడల మీద తేల్చిన కండలన్నీ ఆ పూటే చెక్కేశాను.

నెల గడిచింది. పని పూర్తయింది. గురువుగారు అప్పుడూ ఏమీ అనలేదు. అచ్చువాళ్ళు రావలసిన రోజు పొద్దున దానమ్మకి మళ్ళీ కబురు పంపారు.

ఆమె వచ్చింది. ఈసారి అబ్బో అనలేదు. చుట్టూ తిరగలేదు. గుమ్మంలో కాసేపు అలాగే నిలబడిపోయి, తిన్నగా ఎడమ పక్కకి వెళ్ళి గొంతుక్కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు. నుదురు డొక్కకి ఆనించి కళ్ళు మూసుకుంది. చేతులు పొదుగు దగ్గరికి పోయాయి. భుజాలు మెల్లగా కదులుతున్నాయి. బుగ్గల మీంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

ఏమంటారోనని గురువుగారి మొహం చూడాలని కూడా అనిపించలేదు నాకు. మనసులో ఆ చచ్చిపోయిన గేదెకి దణ్ణం పెట్టుకుంటూ నిలబడ్డాను.

అంతలో బయట ట్రాలీ ఆటో ఆగింది. అచ్చువాళ్ళు ప్లాస్టరు బస్తాలు దబదబా దించుతున్నారు. వాళ్ళ మేస్త్రి తలుపు తోసి, "ఏం ఆచారి గారూ, మొదలెట్టమంటారా?" అని కేకేశాడు.

గురువుగారు గబుక్కున లేచి, మునివేళ్ళ మీద నడుస్తూ గుమ్మం దగ్గరికెళ్ళారు.

"చప్పుడు చెయ్యకండ్రా," అన్నారు గొంతు తగ్గించి. "పాలు తీస్తోంది."