ఎలుగుబంటి అవ్వ, పన్నెండు మిరప తొడిమలు

అనగనగా ఒక అడవిలో ఒక ఏడు తొలకరి మొహం చాటేసింది. మృగశిర వచ్చింది, వెళ్ళింది. ఆరుద్ర వచ్చింది, అదీ వెళ్ళింది. చినుకు మాత్రం రాలలేదు.

ఆ అడవిలో ఎండిన వాగు ఒకటి ఉంది. దాని ఒడ్డున నాలుగు ఇళ్ళవాళ్ళు ఉండేవాళ్ళు. ఎలుగుబంటి పేరిందేవి, కుందేలు సీతాలు, కోతి గంగులు, చిలుక పచ్చన్న. ఒకరికి దుంప దొరికిన రోజు ఇంకొకరికి ఆకు దొరికేది కాదు. సీతాలుకు ముగ్గురు పిల్లలు. వాళ్ళ పొట్టలు వీపులకు అంటుకుపోయాయి.

అప్పుడు నలుగురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఎవరికి ఏది దొరికితే అది తెచ్చి ఒకే కుండలో వేయాలి. మధ్యాహ్నం పులుసు కాచుకుని అందరూ కలిసి తాగాలి.

"మరి వండేదెవరు?" అన్నది సీతాలు.

"నేను వండుతాను," అన్నాడు గంగులు.

"నువ్వు వండితే కుండ దించేలోపల ఖాళీ అవుతుంది!" అన్నాడు పచ్చన్న. అందరూ నవ్వారు. తర్వాత అందరూ పేరిందేవి వైపు చూశారు. ఆమెను అందరూ అవ్వా అని పిలిచేవాళ్ళు. టేకు కర్ర గరిటె ఒకటి ఆమెకు వాళ్ళ అమ్మ ఇచ్చింది. ఆ గరిటె పట్టుకుంటే పేరిందేవి అవ్వ చేతికి ఒక నిండుతనం వచ్చేది.

"సరే, నేనే వండుతాను," అన్నది అవ్వ. "కానీ పెద్దలు పెట్టిన కట్టుబాటు ఉంది. వండే చేయి రుచి చూడకూడదు. చూస్తే కుండంతా ఎంగిలి. అందుకే ఆ పులుసు నేను తాగను, నాకు కాల్చిన దుంప చాలు."

"అయ్యో, అంతే కదా మరి," అన్నారు అందరూ.

పైకి అలా అన్నది కానీ, అవ్వకు లోపల ఒక భయం ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య ఆమెకు చిన్న చిన్న విషయాలు గుర్తుండటం లేదు. తేనెపట్టు ఏ చెట్టుకు చూసిందో మరునాటికి మరిచిపోతోంది. సొంత చెల్లెలి పేరు పెదవి దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి. మరి కారం వేసిందో లేదో ఎలా తెలియాలి?

అందుకని ఒక ఉపాయం పెట్టుకుంది. గుట్ట మీద కొండ మిరప చెట్టు ఉంది. ఆ ఎండలో కూడా అది ఎర్రగా కాసింది. పొద్దున్నే వెళ్ళి పన్నెండు కాయలు కోసుకొచ్చేది. ఒక్కొక్క కాయకు తొడిమ తుంచి, కాయను కుండలో వేసి, తొడిమను పొయ్యి పక్కనున్న చప్పటి రాతి మీద పెట్టేది. రాతి మీద పన్నెండు తొడిమలు వరసగా ఉంటే కుండలో పన్నెండు కాయలు ఉన్నట్టే.

మొదటి రోజు సీతాలు గుమ్మడికాయ ముక్క ఈడ్చుకుంటూ తెచ్చింది. గంగులు చింతపండు తెచ్చాడు. పచ్చన్న గింజలు తెచ్చాడు. పులుసు కుతకుత ఉడికింది. అవ్వ మోదుగాకు దొప్పల్లో పోసి అందరికీ ఇచ్చింది.

పచ్చన్న ముక్కుతో రెండు గుక్కలు తాగాడు. తల పక్కకు వంచాడు.

"అవ్వా, కారం వేయడం మరిచిపోయావు."

"మరిచిపోయానా?" అన్నది అవ్వ.

"మరిచిపోయావు, మరిచిపోయావు, మరిచిపోయావు!" అన్నాడు పచ్చన్న. చిలుకలకు ఏదైనా ఒకసారి అంటే సరిపోదు కదా!

ఇంతలో సీతాలు దొప్ప కింద పెట్టేసి నోటికి విసురుకుంటోంది. "అబ్బా, మంట! ఎందుకవ్వా ఇంత కారం? పిల్లలు ఎట్లా తాగుతారు?"

అవ్వ తల ఆ పక్కకు తిప్పింది, ఈ పక్కకు తిప్పింది. మధ్యలో గంగులు ఉన్నాడు. అతని కళ్ళ నుంచి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి.

"ఏమైందిరా గంగులూ? ఎందుకు ఏడుస్తున్నావు?"

"ఏడవటం లేదవ్వా," అన్నాడు గంగులు ముక్కు ఎగబీలుస్తూ. "బాగుంది. ఇంకో గరిటె పోయి."

అవ్వకు ఏమీ అర్థం కాలేదు. ఒకరు లేదంటారు, ఒకరు ఎక్కువంటారు, ఒకరు ఏడుస్తూ బాగుందంటారు. వెళ్ళి రాయి చూసుకుంది. తొడిమలు పన్నెండూ ఉన్నాయి.

"తొడిమలు తుంచాను, సరే. కానీ కాయలు కుండలో వేశానా? లేక పక్కన పెట్టి మరిచిపోయానా?" అనుకుంది. పొయ్యి చుట్టూ వెతికింది. కట్టెల కింద వెతికింది. కాయలు ఎక్కడా లేవు. "ఏ ఉడుతో ఎత్తుకుపోయి ఉంటుంది," అనుకుంది.

చూశారా పిల్లలూ, రాతి మీద పన్నెండు సాక్ష్యాలు కనబడుతున్నా, గట్టిగా అరిచిన గొంతునే నమ్మింది అవ్వ.

రెండో రోజు పాత తొడిమలు ఊడ్చేసి ఇరవై నాలుగు కాయలు వేసింది. ఒక్కొక్కటి వేస్తూ పైకి లెక్క చెప్పుకుంది. తొడిమలు రాతి మీద రెండు వరసలు అయ్యాయి.

పులుసు పోయగానే సీతాలు చిన్నపిల్ల నాలుక ముంచింది. అంతే! కెవ్వుమని ఏడ్చింది. మిగతా ఇద్దరూ ఆకలి ఆపుకోలేక వాళ్ళూ ముంచారు, వాళ్ళూ ఏడ్చారు. ముగ్గురూ వాగులో మిగిలిన మడుగు దగ్గరకు పరుగెత్తారు.

"పిల్లలు నిన్నా తాగలేదు, ఇవాళా తాగలేదు," అన్నది సీతాలు. "మా మీద ఏమైనా కోపమా అవ్వా?"

"అయ్యో తల్లీ, కోపమెందుకు?"

గంగులుకు పొలమారింది. ముఖం కందిపోయింది. "హా... హా... కాస్త... హా... ఎక్కువైందేమో. అయినా ఫరవాలేదు. ఇంకో గరిటె పోయి."

పచ్చన్న దొప్పంతా ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "ఇవాళ కూడా వేయలేదేమిటవ్వా? నిన్న చెప్పాను కదా!"

ఇరవై నాలుగు కాయలు! అవ్వ పరుగున వెళ్ళి తొడిమలు లెక్కపెట్టింది. ఇరవై నాలుగు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై మూడు వచ్చాయి. మూడోసారి లెక్కపెట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

మూడో రోజు అవ్వ మిరపకాయలు అసలు కోయలేదు. "ఆకలితో ఉన్న పిల్లలు ముందు తాగాలి," అనుకుంది. రాయి నున్నగా, ఖాళీగా ఉంది. ఒక్క తొడిమ కూడా లేదు.

పిల్లలు ముగ్గురూ దొప్పలు నాకి నాకి తాగారు. సీతాలు మొహం విప్పారింది. అవ్వ మనసు కాస్త కుదుటపడింది. అప్పుడు గంగులు మూతి ముడిచాడు.

"ఇదేం పులుసవ్వా? జ్వరం వచ్చినవాళ్ళకు పెట్టే పథ్యంలా ఉంది! నిన్న మండినా ప్రాణం లేచొచ్చింది. ఇవాళ లేచిన ప్రాణం పడుకుంది."

"నువ్వేమంటావు పచ్చన్నా?" అన్నది అవ్వ భయం భయంగా.

"అచ్చం నిన్నటిలాగే ఉందవ్వా!"

"నిన్నటిలాగా?"

"నిన్నటిలాగే, నిన్నటిలాగే!"

అవ్వ నేల మీద కూలబడిపోయింది. నిన్న ఇరవై నాలుగు. ఇవాళ ఒక్కటీ లేదు. రెండూ ఒకలాగే ఉండటమేమిటి? అంటే నిన్నా వేయలేదన్నమాట. మరి నిన్న పిల్లలెందుకు ఏడ్చారు? లేక ఇవాళ కోయలేదనుకుని కోసి వేసిందా? మరి రాయి ఎందుకు ఖాళీగా ఉంది? తలలో తేనెటీగలు దూరినట్టయింది.

కాసేపటికి లేచింది. టేకు గరిటెను శుభ్రంగా కడిగి చప్పటి రాతి మీద పెట్టింది.

"నాయనలారా, నా మతి నన్ను వదిలి పోతోంది. ఇవాళ కారమే కదా అనుకుంటాం. రేపు విషపు దుంపను మంచి దుంప అనుకుని వేస్తానేమో. అందులోనూ పసిపిల్లలు తాగే కుండ. ఇక నేను వండను."

అందరూ దొప్పలు పారేసి ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

మరునాడు తెల్లవారగానే అవ్వ అలవాటు కొద్దీ గుట్ట ఎక్కింది. మిరప చెట్టు కనబడ్డాక గుర్తొచ్చింది, తనకు ఇప్పుడు కాయలతో పని లేదని. "ఇదీ మరిచిపోయాను," అనుకుని నిట్టూర్చి వెనక్కి తిరగబోయింది.

చెట్టు మీద ఏదో కదిలింది. చూస్తే పచ్చన్న! కొమ్మ మీద కూర్చుని, బాగా పండిన మిరపకాయను కాలితో పట్టుకుని, జామపండు తిన్నట్టు కొరుక్కు తింటున్నాడు. ఒకటి అయింది. రెండోది అందుకున్నాడు. ఆరోది అయ్యేదాకా అవ్వ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఒరే పచ్చన్నా! నోరు మండటం లేదురా?"

"మండటమంటే ఏమిటవ్వా?" అన్నాడు పచ్చన్న.

"అదేరా! నాలుక మీద నిప్పు పెట్టినట్టు, చెవుల్లోంచి పొగలు వచ్చినట్టు..."

"అదంతా నిజమా?" పచ్చన్న కళ్ళు గుండ్రంగా తిప్పాడు. "నేను ఉత్తుత్తినే అంటారనుకున్నాను. ఇది తింటే నాకు ఏమీ అవదవ్వా. మా అమ్మకూ అవదు, మా తాతకూ అవదు. కారమంటే ఏదో వేరే దినుసు అనుకున్నాను. అందరూ కారం, కారం అంటారు. నాకు ఎప్పుడూ తగల్లేదు. అందుకే నువ్వు వేయలేదన్నాను."

అవ్వ ఆ కాయల వైపు చూసింది. ఇవి నిజంగా కారమేనా? ఇన్నాళ్ళూ వండే చేయి కాబట్టి రుచి చూడలేదు. ఇప్పుడు చేతిలో గరిటె లేదు కదా! ఒక కాయ తుంచి కొరికింది.

"అమ్మో! అమ్మమ్మో!"

అవ్వ ఎగిరి గంతేసింది. నాలుక బయటపెట్టి చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగింది. కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు. పచ్చన్న భయపడి పై కొమ్మకు ఎగిరాడు.

"ఏడుస్తున్నావా అవ్వా?"

"నవ్వుతున్నానురా!" అన్నది అవ్వ. నిజంగానే నవ్వుతోంది. "మొదటి రోజు పన్నెండూ వేశాను. రెండో రోజు ఇరవై నాలుగూ వేశాను. మూడో రోజు అసలు వేయలేదు. నా మతి నా దగ్గరే ఉంది. నీ నాలుకే వేరురా పచ్చన్నా!"

పచ్చన్న రెక్కలు ముడుచుకున్నాడు. "తెలియక అన్నానవ్వా. ఒకసారి అంటే పోయేది, మూడేసి సార్లు అన్నాను."

"పోనీలే, ఇప్పుడు ఇంకో మాట మూడుసార్లు అను. వెళ్ళి అందరినీ రమ్మను."

ఆ మధ్యాహ్నం అవ్వ మళ్ళీ గరిటె పట్టింది. మిరపకాయలను కుండలో వేయలేదు. వేరే రాయి మీద నూరి, ఆకులో ముద్దగా పెట్టింది.

"పులుసు అందరిదీ," అన్నది. "కారం ఎవరి దొప్పలో వారే కలుపుకోండి. సీతాలూ, నువ్వూ పిల్లలూ దాని జోలికి పోకండి. గంగులూ, నీకు ఎంత ఏడవాలని ఉంటే అంత వేసుకో. పచ్చన్నా, నీకు నూరి పెట్టడం ఎందుకురా, చెట్టు మీదే తిను!"

అందరూ నవ్వుతూ దొప్పలు ఎత్తారు. ఒక గుక్క తాగారు. నవ్వులు ఆగాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిన్ననే బాధపడిన అవ్వకు ఏదైనా చెప్పాలంటే ఎవరికీ నోరు రావటం లేదు.

చివరకు సీతాలు మెల్లగా అన్నది. "అవ్వా... ఉప్పు లేదేమో."

"లేదు," అన్నాడు గంగులు.

"లేదు, లేదు," అన్నాడు పచ్చన్న. మూడోసారి అనబోయి నోరు మూసుకున్నాడు.

అవ్వ పొయ్యి పక్కకు చూసింది. చౌడు నేల నుంచి గీకి తెచ్చిన ఉప్పు, కట్టిన ఆకు కట్టినట్టే ఉంది.

ఆ పొట్లాన్ని, వాళ్ళ ముగ్గురి మొహాలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "ముగ్గురూ ఒకటే మాట అన్నారు! అయితే ఇది నిజంగానే మరిచిపోయాను!"

సీతాలు చిన్నపిల్ల గెంతుకుంటూ వెళ్ళి ఉప్పు పొట్లం తెచ్చి ఇచ్చింది. అవ్వ తలా ఒక చిటికెడు వేసింది. పులుసు కుదిరింది. మరిచిపోయినందుకు అంత సంతోషపడినవాళ్ళను ఆ అడవి అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

నీతి: నీ నాలుకకు తగిలిందే అందరి రుచీ అనుకుని, వండిన చేతిని తప్పు పట్టకు. ఎవరి కారం వారి దొప్పలో ఉంటేనే కుండ అందరిదీ అవుతుంది.