దెబ్బకి పది తక్కువ

ఏలూరు బైపాసు పక్కన కార్ల అద్దాలు బాగుచేసే కొట్టు ఒకటుండేది. లారీల కింద కంకర ఎగిరొచ్చి కారు ముందద్దానికి తగిలితే చిన్న గుంట పడుతుంది చూడండి, అందులో గాజు జిగురు ఎక్కించి పూడ్చడం వాళ్ళ పని. పని మాత్రం బాగా వచ్చు. గొడవల్లా తలకాయలతోనే.

పెద్దవాడు పేరయ్య, తమ్ముడు బుల్లెబ్బాయి, పేరయ్య పెళ్ళాం మంగతాయారు. ముగ్గురికీ తమ తెలివంటే మహా మురిపెం.

"ఊళ్ళో తెలివంతా మనింట్లోనే పోగుపడిందే, మిగతావాళ్ళు ఎలా బతుకుతున్నారో పాపం" అనేవాడు పేరయ్య.

"అందుకే నేను తలకి గుడ్డ కట్టుకుని పడుకుంటాను, నిద్దట్లో కారిపోకుండా" అనేది మంగతాయారు.

"నాది కారదు వదినా, గడ్డకట్టేసింది" అనేవాడు బుల్లెబ్బాయి. ఆ ఒక్క మాటా నిజమే.

ఉన్న అరెకరం అమ్మి పెట్టిన కొట్టు అది. దారిన పోయే కార్లతో అద్దె కూడా రావడంలేదు. నిలకడగా పనిచ్చే ఖాతా ఒకటి దొరక్కపోతే కొట్టు మూసేసి, కొల్లేట్లో మేనమామ బాతుల వెనక తిరగాల్సిందే. ఆయన అప్పుడే మూడు కర్రలు కొట్టించి సిద్ధంగా పెట్టాడు కూడా.

అలాంటి సమయంలో కార్లు అద్దెకిచ్చే కంపెనీ మేనేజరు జగదీశ్వర్రావు గారొచ్చాడు. ఆయన కింద అరవై బళ్ళున్నాయి. మహా పిసినారి. టీ తాగితే గ్లాసు అడుగు కూడా వదలడు.

"దెబ్బకి ఎంతయ్యా?" అన్నాడు.

"ఐదొందలండి."

"అది దారిన పోయేవాడికి చెప్పు. నావి అరవై బళ్ళు. దెబ్బలు ఎక్కువయ్యేకొద్దీ రేటు తగ్గాలి."

ముగ్గురూ మూలకెళ్ళి గుసగుసలాడుకున్నారు. మంగతాయారు వచ్చి చెప్పింది. "బండి మీద మొదటి దెబ్బకి ఐదొందలండి. రెండోదానికి పది తక్కువ. మూడోదానికి ఇంకో పది తక్కువ. అలా దిగుతూనే ఉంటుందండి."

"ఎక్కడ ఆగుతుంది?"

"మాటిచ్చాక ఆగడమేమిటండీ?"

ఇంత వెర్రివాళ్ళు దొరకడం తన అదృష్టమనుకున్నాడు ఆ మహానుభావుడు. అక్కడికక్కడే ఖాతా రాయించేశాడు.

మర్నాడే మొదటి కారొచ్చింది. అద్దం మీద ఒకే ఒక్క దెబ్బ. పేరయ్య దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"పాపం సారు, మొదటి దెబ్బే తెచ్చుకున్నారే. అన్నిట్లోకీ ఖరీదైనది అదే కదా."

"మన ఖాతాదారుకి నష్టం రానిస్తామా అన్నయ్యా?" అన్నాడు బుల్లెబ్బాయి. అంతే. సుత్తి తీసి ఠంగుఠంగుమని ఇంకో పందొమ్మిది కొట్టాడు. ఇద్దరూ సాయంత్రం దాకా కూర్చుని ఇరవై గుంటలూ శ్రద్ధగా పూడ్చారు.

మేనేజరు వచ్చి చూసి నెత్తీనోరూ బాదుకున్నాడు. "ఒక్క దెబ్బతో పంపిస్తే జల్లెడ చేశారేమయ్యా?"

"ఆఖరిది మీకు మూడొందల పదికే పడిందండి" అంది మంగతాయారు గర్వంగా.

కొత్త అద్దం వాళ్ళ చేతే వేయించాడు. ఖాతా మాత్రం తీసెయ్యలేదు. ఆ రేటు ఇంకెవడిస్తాడు? వేలు చూపించి గట్టిగా చెప్పాడు. "ఇకమీదట నాకు ఫోన్ చేసి, రేటు చెప్పి, నేను సరే అనేదాకా బండి మీద చెయ్యి వెయ్యకూడదు. తెలిసిందా?"

తెలిసింది. తెలియకపోతే బాగుండేది.

రెండో కారొచ్చింది. డ్రైవరు బండి కొట్టు ముందాపి, హ్యాండు బ్రేకు వెయ్యడం మరిచి టీకి పోయాడు. కొట్టు ముందు పల్లం, పల్లం చివర కాలువ. ఇంకేముంది, బండి మెల్లగా కదిలింది.

బుల్లెబ్బాయి పట్టుకోబోయాడు. పేరయ్య వాడి చొక్కా పట్టి లాగాడు. "చెయ్యి వేశావంటే ఖాతా పోతుందిరా. ముందు ఫోను చెయ్యి."

చేస్తే మేనేజరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. బండి పోతోంది, వీళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని దాని పక్కనే నడుస్తున్నారు, పెళ్ళివారిని సాగనంపుతున్నట్టు. చివరికి ఆయన ఎత్తాడు.

"సారూ, అద్దం మీద ఒక దెబ్బ ఉందండి. ఐదొందలండి. చెయ్యి వెయ్యమంటారా?"

"వెయ్యండయ్యా, దానికింత ఆలస్యమా?"

"ఇప్పుడంటే గజ ఈతగాణ్ణి పిలవాలండి."

బండిని క్రేను పెట్టి తీయించారు. మేనేజరు గొంతు బొంగురుపోయేదాకా తిట్టాడు. అయినా చూడండి ఆయన కక్కుర్తి, ఇంకా ఆ రేటు వదలబుద్ధి కాలేదు.

"ఇదే ఆఖరి అవకాశం. రేపు మా పెద్దసారు బళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఈ రాత్రే మా షెడ్డుకెళ్ళండి. తెల్లారేసరికి నా బళ్ళలో ఏ ఒక్కదాని అద్దం మీదా దెబ్బ కనపడకూడదు. కనపడిందా, ఖాతా లేదు, ఏమీ లేదు."

షెడ్డులో చూస్తే దెబ్బ లేని బండి లేదు. జిగురేమో అరడబ్బా ఉంది. ముగ్గురికీ ఏడుపొచ్చింది. బాతులు కళ్ళముందు కదిలాయి. అప్పుడు మంగతాయారు తలకి కట్టిన గుడ్డ విప్పింది.

"ఏవయ్యా, అద్దం ఉంటేనే కదా దాని మీద దెబ్బ కనపడేది?"

పేరయ్య పెళ్ళాం వంక దేవతని చూసినట్టు చూశాడు. ఇంకేముంది, తెల్లారేసరికి అద్దాలన్నీ ఊడబీకి తమ కొట్టుకి చేరవేశారు. పెద్దసారు వచ్చి, ముందున్న కారెక్కి, ఎదురుగా అద్దముందనుకుని కిళ్ళీ నములుతూ ఉమ్మకుండా ఆపుకున్నాడు. బండి కదిలాక దుమ్మంతా ఆయన నోట్లోకే పోయింది. దిగి మేనేజరుకి నెల నోటీసిచ్చి వెళ్ళిపోయాడు.

మేనేజరు ఇప్పుడు అరవలేదు. రెండు చేతులూ జోడించి అన్నాడు. "నా అద్దాలు నాకు తెచ్చి పడెయ్యండి. మీ ముఖాలు మాత్రం నాకు చూపించకండి."

ముఖాలు చూపించకుండా అద్దాలు తేవడమెలా? తెలివిగలవాళ్ళకి అదొక లెక్కా. తలలకి గోనెసంచులు తగిలించుకున్నారు. అద్దాలన్నీ ట్రాలీ మీద ఒకదాని మీద ఒకటి పేర్చి, ముగ్గురూ తోసుకుంటూ షెడ్డులోకొచ్చారు. కళ్ళకి చీకటి, ఎదురుగా స్తంభం. అంతే. ఆ చప్పుడుకి పక్కవీధి జనం బయటికొచ్చారు.

మేనేజరు నేల మీద కూలబడ్డాడు. గోనెసంచుల్లోంచి మాటలు వినపడుతున్నాయి.

"ఎన్ని దెబ్బలంటావే?"

"ముక్కలకి లెక్కేదయ్యా. యాభై దాటితేనే రేటు నిండుకుంటుంది. ఆ పైన ప్రతి దెబ్బకీ మనమే సారుకి ఎదురివ్వాలి."

"అయితే ఇచ్చేద్దాం వదినా. మాటన్నాక మాటే" అన్నాడు బుల్లెబ్బాయి.

పేరయ్య తడుముకుంటూ వెళ్ళి, మేనేజరు చేతిలో కొట్టు తాళంచెవి పెట్టాడు. ఆస్తి అంతా అదే మరి.

"ఇక కొట్టు మీదేనండి, లెక్క సరి" అన్నాడు పేరయ్య సంతోషంగా. "పనివాళ్ళు కావాలంటే కబురు పెట్టండి. ముఖాలు మాత్రం చూపించం లెండి."